300 ఏళ్ల తర్వాత ఏ పాపులర్ సంగీతకారుల పేర్లు మిగులుతాయి?

స్వరపేటిక అడిగిన ప్రశ్న:

ఇంకో 300 ఏళ్ల తర్వాత, అంటే 24వ శతాబ్దంలో, మన కాలపు జనరంజక సంగీతం నుంచి ఎవరి పేర్లు మిగిలి ఉంటాయి? శాస్త్రీయ సంగీతాన్ని పక్కన పెడదాం. గ్రామఫోను, రేడియో, టీవీ, ఇంటర్నెట్ ద్వారా కోట్ల మందికి చేరినవాళ్ల గురించే అడుగుతున్నాను.

అమ్మకాలు, పేరుప్రఖ్యాతులు చూసి ఒక జాబితా వేశాను: బీటిల్స్, ఎల్విస్ ప్రెస్లీ, మైకేల్ జాక్సన్, బాబ్ మార్లీ, బాబ్ డిలన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, లతా మంగేష్కర్, ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్, మడోనా, క్వీన్, అబ్బా, ఎమినెమ్. పన్నెండు పేర్లు. ఇవి సరైనవో కాదో తేల్చే కొలబద్ద మాత్రం దొరకడం లేదు.

సందేహాలు మూడు. ఒకటి, ఇప్పటి అమ్మకాలను బట్టి 300 ఏళ్ల తర్వాతి సంగతి చెప్పవచ్చా? రెండు, పాత కాలంలో రికార్డింగు లేదు, ఇప్పుడు ఉంది. అందుకని ఇకమీద ఎవరినీ మరిచిపోరు అనుకోవచ్చా? మూడు, పాట గుర్తుండి పాడినవాళ్ల పేరు గుర్తులేకపోతే దాన్ని గుర్తుండటం అనాలా? అభిమానంతో కాకుండా ఆధారంతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.


పాతబాణీ:

మీ మూడో సందేహంతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాని మీదే నిలబడి ఉన్నాయి.

పాట బతకడం వేరు, పేరు బతకడం వేరు, గొంతు బతకడం వేరు. ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ప్రయాణం చేయవు. "హ్యాపీ బర్త్‌డే" బాణీనే తీసుకోండి. 1893లో అమెరికాలో మిల్‌డ్రెడ్ హిల్, ప్యాటీ హిల్ అనే అక్కచెల్లెళ్లు బడిపిల్లల పాటగా అచ్చు వేయించారు. ఈ రోజు దాన్ని పాడని దేశం లేదు, పాడేవాళ్లలో హిల్ సోదరీమణుల పేరు తెలిసినవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. "గ్రీన్‌స్లీవ్స్" 1580లోనే లండన్‌లో నమోదయింది, బాణీ కట్టినదెవరో ఇప్పటికీ తెలియదు. ఇటు చూస్తే ఫరినెల్లి ఉన్నాడు. 18వ శతాబ్దపు యూరప్‌లో అంతటి పేరు మోసిన గాయకుడు లేడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది, గొంతు లేదు. తాన్‌సేన్ పేరు మియాఁ కీ తోడీ, మియాఁ మల్హార్ లాంటి రాగాలు మోసుకొచ్చాయి. ఆయన ఎలా పాడేవాడో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు.

అన్నమయ్య సంగతి మనకు ఇంకా దగ్గరిది. 15వ శతాబ్దపు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి దాచారు, 1922లో అవి తిరుమలలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందుకే ఇప్పుడు మనం వినే బాణీల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాగి 400 ఏళ్లు చెక్కుచెదరలేదు. కానీ రేకు మీదికి ఎక్కినదే మనదాకా వచ్చింది, ఎక్కనిది ఎక్కడిదక్కడే పోయింది. సంగీతకారుడి పేరు మిగలడం గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ రాగిరేకునే కొలతగా పెట్టుకుంటాను. ఆ మనిషి పనిలో ఏ భాగం, ఏ రేకు మీద, ఎవరు చదవగలిగేలా ఉంది?

ఇక అమ్మకాల సంగతి. 1722లో లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ చర్చి సంగీతాధికారి పదవి ఖాళీ అయింది. నగర పెద్దలు మొదట కోరుకున్నది అప్పట్లో పేరున్న స్వరకర్త టెలిమాన్‌ని, ఆయన కాదన్నాక గ్రౌప్నర్‌ని. ఆ ఇద్దరూ కుదరక 1723లో బాఖ్‌ను తీసుకున్నారు. సమకాలీన ప్రజాదరణే కొలమానమైతే ఈ రోజు మన నోట్లో టెలిమాన్ పేరు నానాలి. బాఖ్ 1750లో పోయాక ఆయన పెద్ద రచనలు సామాన్య శ్రోతకు దాదాపు అందకుండా పోయాయి. 1829లో బెర్లిన్‌లో 20 ఏళ్ల స్వరకర్త మెండెల్‌సన్ బాఖ్ రాసిన "సెయింట్ మాథ్యూ పాషన్" మళ్లీ వినిపించాడు. ఇన్నేళ్ల మరుపులోనూ విద్యార్థుల చేతుల్లో బాఖ్ కీబోర్డు పాఠాలు నలుగుతూనే ఉన్నాయన్నది చాలామంది వదిలేసే సంగతి. పూర్తిగా ఆరిన నిప్పును మెండెల్‌సన్ రాజేయలేదు.

జనరంజక సంగీతంలో దీనికి సరైన జోడీ స్కాట్ జోప్లిన్, రాగ్‌టైమ్ అనే అమెరికన్ పియానో శైలిలో బాణీలు కట్టినవాడు. ఆ శైలి బాణీని రాగ్ అంటారు. 1899లో "మేపుల్ లీఫ్ రాగ్" అచ్చయింది, 1917లో ఆయన పోయాడు, 1974 దాకా సమాధి మీద పేరు కూడా లేదు. 1970లో జాషువా రిఫ్కిన్ ఆ రాగ్‌లను పియానో మీద రికార్డు చేశాడు. 1973లో "ద స్టింగ్" సినిమాలో "ది ఎంటర్‌టైనర్" వాడారు. 1976లో జోప్లిన్‌కు పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. మధ్యలోని యాభై ఏళ్లూ ఆయన్ని కాపాడింది అచ్చులో ఉన్న స్వరలిపి. అదే న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్‌ను చూడండి. జాజ్‌కు ఆద్యుల్లో ఒకడని తోటి వాద్యకారులంతా చెప్పారు. ఆయన వాయించినదేదీ రికార్డుగా మిగల్లేదు, స్వరలిపిగానూ మిగల్లేదు. పేరు ఉంది, వినడానికి ఏమీ లేదు.

ఒక శైలి పాతబడే కొద్దీ ఆ శైలికి మిగిలే పేర్లు తగ్గిపోతాయి. వాల్ట్జ్ అనగానే స్ట్రాస్, మార్చ్ అనగానే సూజా, రాగ్‌టైమ్ అనగానే జోప్లిన్. వాళ్ల కాలంలో ఒక్కో శైలిలో వందల మంది ఉన్నారు. రాక్‌కూ రెగేకూ హిప్‌హాప్‌కూ ఇదే జరుగుతుందని నా నమ్మకం. కాబట్టి మీ పన్నెండు మందిలో బీటిల్స్, ఎల్విస్, క్వీన్ ముగ్గురూ కలిసి మిగలరు. మార్లీకి మాత్రం తన శైలిలో పోటీ లేదు. ఆయన 1981లో పోయాడు. ఇప్పటికీ రెగే అనే మాటకు ఆయన ముఖమే గుర్తు.


కాలమానం:

కొలబద్ద అడిగారు కాబట్టి ఒక లెక్క ఇస్తాను. జె. రిచర్డ్ గాట్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త 1993లో ప్రచురించిన పద్ధతి ఇది. ఒక వస్తువు ఇప్పటికి ఎన్నాళ్లుగా ఉందో తప్ప ఇంకేమీ తెలియనప్పుడు, దాని ఆయుష్షులో ఏదో ఒక యాదృచ్ఛిక క్షణంలో మనం దాన్ని చూస్తున్నాం అనుకోవాలి. అప్పుడు అది ఇంకా టి ఏళ్లకు పైగా నిలిచే సంభావ్యత ఇలా వస్తుంది: ఇప్పటిదాకా గడిచిన ఏళ్లను, గడిచిన ఏళ్లూ టి కలిపిన మొత్తంతో భాగించాలి.

300 ఏళ్లకు లెక్క కడితే:

5 ఏళ్ల పాటకు 5/305, అంటే 1.6 శాతం.
60 ఏళ్ల పాటకు 60/360, అంటే దాదాపు 17 శాతం.
160 ఏళ్ల నాటి స్ట్రాస్ వాల్ట్జ్‌కు 160/460, దాదాపు 35 శాతం.
275 ఏళ్ల కిందట పోయిన బాఖ్ పేరుకు 275/575, దాదాపు 48 శాతం.

గాట్ 1969లో బెర్లిన్ గోడను చూసినప్పుడు దానికి 8 ఏళ్లు. ఇంకా 2 ఏళ్ల 8 నెలల నుంచి 24 ఏళ్ల దాకా నిలబడటానికి 50 శాతం అవకాశం ఉందని లెక్కవేశాడు. అది 20 ఏళ్లకు, 1989లో కూలింది. ఒక్కసారి కుదిరినంత మాత్రాన పద్ధతి రుజువైపోదు. ఏమీ తెలియని చోట మొదటి అంచనాగా పనికొస్తుంది, అంతే.

దీన్ని వాడేటప్పుడు జరిగే తప్పులు మూడున్నాయి. పాట విడుదలైన మొదటి నెలల్లో ఈ లెక్క వేయకూడదు, అప్పుడు మనం ఉన్నది యాదృచ్ఛిక క్షణం కాదు, ప్రచారపు గాలిలో. రెండోది, "గడిచిన ఏళ్లు" అన్నప్పుడు పుట్టిన తేదీని కాదు, జనం నోట ఆగకుండా ఉన్న కాలాన్ని లెక్కపెట్టాలి. జోప్లిన్‌కు 1899 నుంచి లెక్కపెడితే అవకాశం ఎక్కువగా కనిపిస్తుంది, 1970 నుంచి పెడితే దాదాపు సగానికి తగ్గుతుంది. నేను రెండూ వేసి మధ్యలో ఉంచుతాను. మూడోది అందరూ చేసేది. మీ జాబితాలో పేరు వచ్చి 60 ఏళ్లయినవాళ్లు ఆరుగురుంటే ఒక్కరు మిగులుతారని లెక్క చెబుతుంది. ఆ ఒక్కరు ఎవరో చెప్పదు. పైగా వీళ్ల భవితవ్యాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవే. రాక్ సంగీతం మొత్తం మరుపున పడితే ఆరుగురూ కలిసి పోతారు.

ఎవరన్నది తేల్చడానికి గుర్తుపట్టే పరీక్ష పెట్టాలి. 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 643 మందితో, ఎక్కువగా యువతతో, ఈ పని చేశారు. అమెరికాలో 1940 నుంచి 2015 దాకా అగ్రస్థానానికి చేరిన పాటల్లోంచి ముక్కలు వినిపించి గుర్తున్నాయా అని అడిగారు. 2015 నుంచి 2000 వైపు వెనక్కి వెళ్లే కొద్దీ గుర్తింపు నిట్టనిలువునా పడిపోయింది. 1960 నుంచి 1999 దాకా దాదాపు సమంగా నిలిచింది. 1940, 50 దశకాల్లోకి వెళ్లాక మెల్లగా తగ్గింది. అంటే మొదటి పదిహేనేళ్లలో పెద్ద జల్లెడ పడుతుంది, అది దాటినవి చాలాకాలం నిలుస్తాయి. మీ జాబితాలోని ఎమినెమ్ ఆ జల్లెడ అంచున ఉన్న తరం.

ఎవరైనా చిన్నగా చేసుకోవాలంటే పద్ధతి ఇది. 40 పాటలు ఎంచుకోవాలి, ఒక్కో దశకానికి సమానంగా. ఒక్కోదాని నుంచి బాగా తెలిసిన చోట 10 సెకన్ల ముక్క తీయాలి. మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఎప్పుడైనా విన్నారా, దీని తర్వాతి వరుస కూనిరాగం తీయగలరా, ఎవరిది? మూడూ కలిపి ఒకే మార్కు వేస్తే పాతబాణీ గారు పైన విడదీసినవన్నీ మళ్లీ కలగాపులగం అవుతాయి. అడగాల్సింది ఆ పాట వచ్చిన 20 ఏళ్ల తర్వాత పుట్టినవాళ్లను. పాట వచ్చినప్పుడు యవ్వనంలో ఉన్నవాళ్ల జవాబు భవిష్యత్తు గురించి ఏమీ చెప్పదు. ఈమధ్య ఏదైనా సినిమాలోనో ప్రకటనలోనో వాడిన పాట ఉంటే పక్కన పెట్టి, రెండేళ్లాగి మళ్లీ పరీక్షించాలి. అలా లేచిన అల చాలాసార్లు అలాగే పడిపోతుంది.


టేపుచుట్ట:

మీ రెండో సందేహానికి జవాబు: రికార్డింగు ఉంది కాబట్టి మరిచిపోరు అనుకోవడం పొరపాటు. దాచి ఉండటం, వినగలిగేలా ఉండటం, ఎవరిదో తెలిసేలా ఉండటం మూడు వేర్వేరు పనులు.

పాత రికార్డింగుల ఆయుష్షు ఎంత తక్కువో చూడండి. 1970, 80ల్లో తయారైన, వెనుక పూత ఉన్న పాలియెస్టర్ టేపుల్లో చాలావాటికి జిగురు పొర గాల్లోని తేమను పీల్చుకుంటుంది. అలాంటి టేపును నేరుగా వాయిస్తే కీచుమంటూ టేపును చదివే హెడ్డుకు అంటుకుని అయస్కాంత పొరే రాలిపోతుంది, దాంతోపాటే పాటా పోతుంది. అందుకే ముందు సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పావు అంగుళం టేపయితే 8 గంటల వరకు, ఉష్ణోగ్రత కదలని పెట్టెలో ఆరబెట్టి, చల్లారాక ఒక్కసారిలో డిజిటల్‌లోకి ఎక్కించుకుంటారు. ఇక్కడ అందరూ చేసే ప్రాణాంతకమైన తప్పు, అసిటేట్ టేపును కూడా ఇలాగే కాల్చడం. అది ముడుచుకుపోయి ఇక దేనికీ పనికిరాదు. కనుక్కోవడం తేలికే. చుట్టను దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు లోంచి కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఇప్పటికే కుళ్లుతోందని అర్థం.

డిజిటల్ అయితే ఢోకా లేదనేవాళ్లకు మైస్పేస్ అనే వెబ్‌సైట్ ఉదాహరణ చాలు. 12 ఏళ్లపాటు జనం ఎక్కించిన పాటలు ఒక సర్వర్ మార్పిడిలో పోయాయని ఆ సంస్థే 2019లో ఒప్పుకుంది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో మంటలు చెలరేగి మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఎన్ని కాలాయన్నది ఇప్పటికీ వివాదమే. పాట ప్రతులు లోకమంతా ఉన్నా మూలం పోతే కొత్తగా శుభ్రం చేసే అవకాశం పోతుంది. బీటిల్స్ "నౌ అండ్ దెన్" ఎలా వచ్చిందో గుర్తుచేసుకోండి. జాన్ లెనన్ 1970ల చివర్లో క్యాసెట్ మీద పాడుకున్న ముక్కను 1990ల్లో వాడబోయి నాణ్యత చాలక వదిలేశారు. పియానో నుంచి గొంతును విడదీయగల సాంకేతికత వచ్చాక 2023లో విడుదలైంది. ఆ క్యాసెట్‌ను ఎవరూ పారేయకపోవడం వల్లే అది సాధ్యమైంది.

ఇంకా వెనక్కి వెళ్తే 1860లో ఫ్రాన్స్‌లో ఎడ్వర్డ్ లియోన్ స్కాట్ మసి పూసిన కాగితం మీద గీయించిన ధ్వని రేఖ ఉంది. మళ్లీ వినిపించడం దాని ఉద్దేశమే కాదు. 2008లో కంప్యూటర్‌తో చదివి వినిపించారు. మొదట వేగం రెట్టింపు తీసుకుని ఆడపిల్ల గొంతు అనుకున్నారు. మరుసటి ఏడాది సరిదిద్దితే మగ గొంతని, బహుశా స్కాట్‌దేనని తేలింది. వేగం ఎంతో కాగితం మీద రాసి ఉంటే ఆ పొరపాటే జరిగేది కాదు.

కాబట్టి ఒక సంగీతకారుడి పని దూరకాలానికి చేరాలని ఎవరైనా నిజంగా అనుకుంటే చేయాల్సినవి ఇవి. స్టీరియో మాస్టర్‌ను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాచాలి. నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు, గంటకు 2 గిగాబైట్ల పైచిలుకు అవుతుంది. చోటు తగ్గించాలంటే ధ్వనిలో ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలు వాడుకోవచ్చు. 2024లో దాని వివరణ బహిరంగ ఇంటర్నెట్ ప్రమాణంగా కూడా వచ్చింది, కాబట్టి సాఫ్ట్‌వేర్ లేకపోయినా వివరణ చదివి మళ్లీ రాసుకోగలరు. ఎంపీ3 మాత్రం మూలప్రతిగా పనికిరాదు. స్టూడియో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలును నమ్ముకోకూడదు. దానికి జతచేసిన ప్లగిన్ (అదనపు సాఫ్ట్‌వేర్ ముక్క) ఒక్కటి దొరక్కపోయినా పదేళ్లకే తెరుచుకోదు. ఒక్కో ట్రాకును పాట మొదటి క్షణం నుంచి మొదలయ్యేలా విడి వేవ్ ఫైలుగా తీసిపెట్టాలి. 24 ట్రాకుల 4 నిమిషాల పాటకు 1.7 గిగాబైట్ల లోపే. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ఏటా చెక్‌సమ్ (ఫైలులోని బిట్ల నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) సరిపోల్చాలి. ఫైలు పేరు అలాగే ఉండి లోపలి బిట్లు చెడిపోతే కంటికి కనిపించదు.

ఇంతా చేసి చాలామంది వదిలేసేది పేర్లు. ఎవరు పాడారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు రాశారు, ఎవరు ఏ వాద్యం, ఏ తేదీ, ఏ శ్రుతి, ఏ వేగం. ఇవి ఫైలు లోపలా ఉండాలి, పక్కన మామూలు అక్షరాల ఫైలుగానూ ఉండాలి, కాగితం మీదా ఉండాలి. అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలు కూడా రాయాలి: రికార్డింగుకు 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ, కృతికి ఐఎస్‌డబ్ల్యూసీ, మనిషికి 16 అంకెల ఐఎస్‌ఎన్‌ఐ. ఒకే పేరుతో పదిమంది గాయకులుండే లోకంలో చివరిది చాలా అవసరం. 1949లో "మహల్" సినిమా పాట "ఆయేగా ఆనేవాలా" గ్రామఫోను రికార్డు వచ్చినప్పుడు దాని మీద గాయని పేరు కామిని అని ఉంది. అది సినిమాలో మధుబాల వేసిన పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. శ్రోతలు రేడియోకు రాసి అడిగితే గానీ ఆమె పేరు బయటికి రాలేదు. అప్పుడు అడిగేవాళ్లు బతికి ఉన్నారు కాబట్టి సరిపోయింది. 300 ఏళ్ల తర్వాత ఆ రికార్డు మీద ఉన్నదే నిజమవుతుంది.


స్వరపేటిక:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇప్పుడు నా జాబితా నాకే పల్చగా కనిపిస్తోంది. ఒక్కటి సూటిగా అడుగుతాను: మైకేల్ జాక్సనా, బీటిల్సా? ఇద్దరికీ ఆదరణ ఉంది, రికార్డులు భద్రంగానే ఉన్నాయి. ఎవరి వైపు మొగ్గుతారు, ఎందుకు? హిప్‌హాప్ సంగతి కూడా చెప్పండి, అది వదిలేస్తే జాబితా సగమే.


పాతబాణీ:

బీటిల్స్ వైపే మొగ్గుతాను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే లెనన్, మెకార్ట్‌నీ అనే బాణీకర్తల వైపు.

దూరం వెళ్లే పాటను ఇతరులు మోయాలి. పెద్ద వాద్యబృందం, ప్రత్యేకమైన గొంతు, స్టూడియో హంగులు ఏవీ లేకుండా ఒక గిటారో హార్మోనియమో ఉన్న మామూలు మనిషి పాడినా పాట నిలబడాలి. 1965 నాటి "యెస్టర్‌డే" అసలు రికార్డింగులోనే ఒక గొంతు, ఒక గిటారు, నాలుగు తీగ వాద్యాలు. వెయ్యికి పైగా మంది దాన్ని మళ్లీ రికార్డు చేశారు. బడిలో సంగీతం నేర్చుకునే పిల్లలకు ఆ బాణీ అందుతుంది. వయొలిన్ విద్వాంసుడు పగనీనిని ఇలాగే గుర్తుపెట్టుకున్నారు. ఆయన వేదిక మీద చేసిన మాయ ఆయనతోనే పోయింది, 1820లో అచ్చయిన 24 కాప్రిచ్చోలు (చిన్న వయొలిన్ రచనలు) మాత్రం వయొలిన్ నేర్చే ప్రతివాడి బల్ల మీద ఉన్నాయి. లిస్ట్, బ్రామ్స్, రఖ్మానినోవ్ వాటి మీద తమ రచనలు కట్టారు. ఫరినెల్లికి అలాంటి రేకు లేదు.

మైకేల్ జాక్సన్ పనిలో ప్రాణం గొంతూ లయా అడుగూ దృశ్యమూ కలిసిన చోట ఉంది. "బిల్లీ జీన్"ను హార్మోనియం మీద వాయిస్తే అందులో ఉన్న గొప్పతనంలో పావు వంతు కూడా వినిపించదు. ఇది ఆయన లోటు అనడం లేదు. ఆయన భవితవ్యం చలనచిత్రంతో ముడిపడి ఉందంటున్నాను. "థ్రిల్లర్" వీడియోను 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు, మ్యూజిక్ వీడియోల్లో అదే మొదటిది. సంగీత చరిత్రలో కంటే నృత్య చరిత్రలో ఆయన స్థానం ఇంకా గట్టిదని నా అభిప్రాయం. 300 ఏళ్ల తర్వాత ఆయన పేరు మిగిలితే ఆ దారినే మిగులుతుంది.

డిలన్‌కు 2016 నోబెల్ సాహిత్య బహుమతి పెద్ద అండ. నోబెల్ జాబితాను తిరగేసేవాళ్లు ఉన్నంతకాలం పేరు కనిపిస్తుంది. అయితే నోబెల్ అందుకున్న తొలి కవి సల్లీ ప్రుధోమ్ (1901) కవితలు ఈ రోజు ఎంతమంది చదువుతున్నారో చూస్తే ఆ అండ బలం ఎంతో తెలుస్తుంది. పేరు ఉంటుంది, పాట ఉంటుందని పూచీ లేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మాత్రం మీ జాబితాలో పై వరుసకు జరపండి. జాజ్ ఇప్పటికే వందేళ్లు దాటింది, విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది, 1920ల ఆయన సోలోలను విద్యార్థులు స్వరం స్వరం రాసుకుని సాధన చేస్తారు. పైగా 1977లో వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు పూత రాగి రికార్డులో "మెలంకలీ బ్లూస్" ఉంది. అందులోనే చక్ బెర్రీ, బ్లైండ్ విల్లీ జాన్సన్, మన కేసర్‌బాయి కేర్కర్ ఉన్నారు. అంతరిక్షంలో వినేవాళ్లెవరన్నది అటుంచి, భూమి మీద ఆ రికార్డు గురించి చదివే ప్రతి ఒక్కరికీ ఈ పేర్లు మళ్లీ తగులుతాయి. బ్లైండ్ విల్లీ జాన్సన్ లాంటి వీధి గాయకుడికి ఇంతకంటే గట్టి రేకు దొరకదు.


తాళపత్రం:

పాతబాణీ గారి కొలతలో ఒక పక్షపాతం ఉంది. "ఇతరులు మోయగలగాలి" అంటే బాణీ ప్రధానమైన సంగీతానికే మార్కులు పడతాయి. ఉమ్ కుల్సూమ్‌ను చూడండి. 1964 నాటి "ఎంత ఒమ్రీ" ప్రదర్శన గంటసేపు నడుస్తుంది. ఒక్క పంక్తిని మఖామ్ (మన రాగం లాంటిది) మారుస్తూ, శ్రోతల స్పందనను బట్టి మళ్లీ మళ్లీ తిప్పి పాడుతుంది. దాన్ని స్వరలిపిలో పెడితే ఎముకల గూడు మిగులుతుంది. అయినా ఆమె 1975లో పోయి అర్ధ శతాబ్దం అయ్యాక కూడా అరబ్బీ గాయకులకు ఆమే కొలత. ఇక్కడ రేకు రికార్డింగే, దాన్ని విని సాధన చేసే శిష్యలోకమే. ఇది మన గురుశిష్య పరంపర లాంటిదే, గురువు స్థానంలో రికార్డు ఉంది. 1902 నుంచి మొదలైన ఒపెరా గాయకుడు కరూసో రికార్డులను ఆ కోవ మగ గాయకులు (టెనర్లు) ఈనాటికీ విని నేర్చుకుంటున్నారు. కాబట్టి ప్రదర్శకులకు కూడా 20వ శతాబ్దం నుంచి ఒక కొత్త దారి తెరుచుకుంది. ఫరినెల్లి కాలపు లెక్క వాళ్లకు అతకదు.

హిప్‌హాప్‌లో ఈ సంగతి ఇంకా ముదురుతుంది. ఒకరి ర్యాప్‌ను ఇంకొకరు మళ్లీ పాడటం ఆ సంప్రదాయంలోనే లేదు, మాట ఆ మనిషిది, గొంతు ఆ మనిషిది. దాని బదులు ముక్కలు తీసి వాడుకుంటారు. 1969లో ద విన్‌స్టన్స్ బృందం "ఏమెన్, బ్రదర్" పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు ఆవర్తాల డ్రమ్ముల ముక్క, ఏడు సెకన్లలోపు, ఆ తర్వాత వేల పాటల్లోకి పోయింది. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే శైలులే దాని మీద లేచాయి. ఆ ఏడు సెకన్లు 300 ఏళ్లు బతుకుతాయని నేను ఎమినెమ్ కంటే ధైర్యంగా చెబుతాను. కోల్‌మన్ పేరు మాత్రం ఇప్పటికే దాన్నుంచి ఊడిపోయింది. టేపుచుట్ట గారు చెప్పిన పేర్ల పట్టీ ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి.

హిప్‌హాప్ నుంచి ఒక్క పేరు ఎంచమంటే కెండ్రిక్ లామార్ అంటాను. 2018లో "డ్యామ్" ఆల్బమ్‌కు సంగీతంలో పులిట్జర్ వచ్చింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు బయట ఆ బహుమతి వెళ్లడం అదే మొదటిసారి. దాంతో ఆయన పని పాఠ్యాంశంగా మారే దారి పడింది. కాలమానం గారి లెక్క ప్రకారం ఇంకా చిన్న వయసే కాబట్టి పందెం పెద్దది పెట్టకూడదు.


కాలమానం:

తాళపత్రం గారి అభ్యంతరం సబబే. గుర్తుపట్టే పరీక్షకు నాలుగో ప్రశ్న చేర్చాలి: "ఈ గొంతుతో వేరే పాట వినిపిస్తే, అదే మనిషి అని చెప్పగలరా?" ఉమ్ కుల్సూమ్, లత, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇందులో గెలుస్తారు. బాణీకర్తలు ఓడిపోతారు, వాళ్లకు రెండో ప్రశ్న ఉంది.

నేపథ్య గానంలో ఈ నాలుగు ప్రశ్నలకూ నాలుగు వేర్వేరు జవాబులు వస్తాయని కూడా గమనించండి. తెర మీద పెదవి కదిపింది ఒకరు, పాడింది ఒకరు, బాణీ ఒకరిది, మాట ఒకరిది. జనం జ్ఞాపకం ఒక పాటకు ఒక పేరే తగిలిస్తుంది కాబట్టి నలుగురిలో ముగ్గురు నష్టపోతారు. లత విషయంలో గాయని గెలిచింది, ఆ బాణీలు కట్టినవాళ్లలో చాలామంది ఇప్పటికే మసకబారారు.


పాతబాణీ:

ఒప్పుకుంటున్నాను, ప్రదర్శకులకు రికార్డు కొత్త దారి. ఒక్క మాట చేరుస్తాను, అది భాష గురించి. 300 ఏళ్లలో ఉచ్చారణ, అర్థం రెండూ మారతాయి. మాట మీద నిలిచిన పాటకు అప్పుడు టీకాతాత్పర్యం కావాలి. డిలన్‌కూ లామార్‌కూ ఇది తప్పదు, చదువుకున్నవాళ్ల చేతుల్లోనే మిగులుతారు. అందుకే స్వరపేటిక గారు జాబితాను ఇంకోసారి వడకట్టాలంటే, ప్రతి పాటను మాటలు తీసేసి "న న న" అంటూ కూనిరాగం తీసి భాష రానివాళ్లకు వినిపించండి. మార్లీ "వన్ లవ్" పల్లవి నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది, రెండోసారి వినేసరికి పిల్లలు అందుకుంటారు. అబ్బా పాటలు కూడా ఈ పరీక్షలో మీరు అనుకున్నదానికంటే బాగా నిలబడతాయి, వాళ్లను కొట్టేయకండి. మడోనా, ఎమినెమ్ పేర్ల పక్కన ప్రశ్నార్థకం పెట్టి, 2040లో మళ్లీ పరీక్షించండి.